మూడో పౌండు గాలి

అరవై ఒక్క ఏళ్లపాటు అమెరికాలోని ఫాల్ రివర్ ఊళ్లో గిల్బర్ట్ రెజెండిస్ పేరుతో ఎవరికీ పనిబడలేదు. ఇంటిని ఆవిరితో వెచ్చబెట్టే బాయిలర్ మొరాయించినవాళ్లకు మాత్రం పడేది, అదీ చలికాలంలోనే. అలాంటివాడి పేరు జనవరి మూడో ఆదివారం సాయంత్రానికి దేశంలో ఉన్న ప్రతి టీవీలోనూ మోగిపోయింది. ఫొటో కూడా వేశారు. డ్రైవింగ్ లైసెన్సు మీది ఫొటో కాబోలు, అందులో ఎంత పెద్దమనిషైనా దొంగలాగే కనిపిస్తాడు.

జరిగింది ఇది. ప్రావిడెన్స్ మెరీనర్స్ జట్టు సొంత మైదానంలో ఆడుతోంది. ఆట సగమయ్యేసరికి వాళ్ల బంతుల్లో గాలి తక్కువగా ఉందని అవతలి జట్టు గోల పెట్టింది. కోడిగుడ్డు ఆకారంలో తోలుబంతి, చేత్తో విసిరి చేత్తో పట్టుకునే ఆట. ఏ జట్టు బంతులు ఆ జట్టే తెచ్చుకుంటుంది. బంతి కాస్త మెత్తబడితే చలిలో వేళ్లకు బాగా పట్టు దొరుకుతుంది, అందుకని లోపల గాలి ఒత్తిడి ఎన్ని పౌండ్లుండాలో ఒక లెక్క పెట్టారు. పోటీలు నడిపే లీగ్ మనుషులు సంచులు తెప్పించి కొలిచారు. అవతలివాళ్ల బంతుల్లో రెండు పౌండ్ల గాలి తగ్గింది. మెరీనర్స్ బంతుల్లో మూడు. ఆటకు ముందు రెఫరీ కొలిచి సరేనన్న సంచిని ఆయన గదిలోంచి మైదానానికి మోసుకెళ్లినవాడు ఒక్కడే. ఆ ఒక్కడు గిల్.

గిల్ తండ్రి పోర్చుగల్‌కు చెందిన అసోర్స్ దీవుల నుంచి వచ్చి చెప్పుల కార్ఖానాలో తోలు కోసేవాడు. తోలుకు చలి పడదురా, మనిషిలాగే అది కూడా ఒంటికి కాస్త వెచ్చన కోరుకుంటుంది, అనేవాడు. కొడుక్కి తోలు అబ్బలేదు గాని వెచ్చన అబ్బింది. ముప్పై ఎనిమిదేళ్లుగా ఊరి బాయిలర్లన్నీ అతని చేతి మీదే నడుస్తున్నాయి. నేలమాళిగలో అడుగుపెట్టి రెండు నిమిషాలు చెవొగ్గితే జబ్బేమిటో చెప్పేస్తాడు. పందొమ్మిదేళ్ల కిందట ఒక మ్యాచ్ రోజున స్టేడియంలో రెఫరీల గదికి ఆవిరి ఆగిపోతే అతన్ని పిలిపించారు. ఇరవై నిమిషాల్లో బాగుచేశాడు. ఎలాగూ వచ్చావు, మా మనిషి ఇవాళ రాలేదు, ఈ బంతుల సంచి రెఫరీ గదికీ, అక్కణ్ణుంచి మైదానానికీ మోస్తావా అన్నారు. మోశాడు. అప్పటినుంచి ఏడాదికి పది ఆదివారాలు అతనిదే ఆ సంచి. వారమంతా నూనె కంపు కొట్టే చేతుల్ని ఆ రోజు నిమ్మచెక్కతో రుద్దుకుని, జట్టు కోటు తొడుక్కుని వెళ్లేవాడు. ఆ కోటు వేసుకున్నవాణ్ణి చూస్తే ఆట వాడే ఆడబోతున్నాడేమో అనిపించేది.

టీవీలో ఫొటో వచ్చిన మర్నాడు అతను క్లబ్బుకెళ్లాడు. క్లబ్బంటే పోర్చుగీసువాళ్లు చందాలేసి కట్టుకున్న పరిశుద్ధాత్మ క్లబ్బు, కింద బారు, పైన పండగల హాలు. తల దించుకుని లోపలికి పోతే జనమంతా లేచి చప్పట్లు కొట్టారు. అతని కుర్చీకి ఎర్ర రిబ్బను కట్టి, దానికి బంతిలో గాలి తీసే సూదొకటి వేలాడదీశారు. ఒక్కడంటే ఒక్కడు కూడా, నువ్విలాంటి పని చెయ్యవురా గిల్, అనలేదు. చేసినందుకు భుజం తట్టారు.

బావమరిది నెల్సన్ అరూడా బీరు తెచ్చి పక్కన కూర్చున్నాడు. చేపల మార్కెట్లో వేలం పాడే మనిషి, గుసగుసగా మాట్లాడినా వీధి చివరికి వినిపిస్తుంది.

"బావా, నాకైనా చెప్పు. బాత్రూంలో దూరి తీశావా, నడుస్తూ నడుస్తూ తీశావా?"

"నేను సూది ముట్టుకోలేదు నెల్సన్."

"ఆ మాట మీదే ఉండు. ఏం చెప్పావు బావా, నేనే నమ్మేశాను."

గిల్ బీరు సగం వదిలేసి ఇంటికొచ్చాడు. ఇక ఆ రోజు మొదలు అతనికి కూర్చుంటే నిలబడాలని, నిలబడితే నడవాలని. ఇంట్లో బాగానే ఉన్న బాయిలర్ విప్పి మళ్లీ బిగించాడు. తలుపు చప్పుడైతే ఉలిక్కిపడేవాడు. భార్య ఒడీలియాతో పూటకోసారి, నేను గాలి తియ్యలేదు ఒడీ, అనేవాడు. ఆమె కూరలు తరుక్కుంటూనో బట్టలు మడతపెడుతూనో, తియ్యలేదని నాకు తెలుసు, నాకెందుకు చెబుతావు, అనేది.

ఆ ఊరు మొత్తంలో ఆ మాట అన్నది ఆమె ఒక్కతే. ఒడీలియా బడి వంటశాలలో పనిచేస్తుంది. అబద్ధం ఆడదు, ఆడేవాళ్ల దగ్గర కూర్చోదు; అందుకని ఆమెకు స్నేహితులు తక్కువ. బేకరీ యజమాని పషేకు గారి భార్య తియ్యరొట్టె ఒకటి కాగితంలో చుట్టి, ఇది మీ హీరోకి, ఊరికే తీసుకోండి అని కన్నుగీటితే, ఒడీలియా దాన్ని తిరిగి అద్దాల బల్ల మీద పెట్టేసింది. నా మొగుడు ఏమీ చెయ్యలేదు, చెయ్యనిదానికి రొట్టెలు పుచ్చుకోను అంది. చర్చిలో పాడే ఆడవాళ్లు నవ్వుకున్నారని ఇరవై రెండేళ్లుగా పాడుతున్నది మానేసి వచ్చేసింది. ఆమె ఒక్కో చోట తగవు పెట్టుకొచ్చిన కొద్దీ గిల్‌కు అన్నం సహించకుండా పోయింది. ఊరంతా దొంగ అని ముద్దు చేస్తుంటే కోపమొచ్చేది. ఒక్క మనిషి దొంగ కాదంటుంటే భయం వేసేది. ఆ భయం ఎందుకో తనకే అంతుబట్టనట్టు నటించాడు, కొన్నాళ్లు.

శుక్రవారం క్లబ్బులో చేపల భోజనం. రానని మొండికేసినా నెల్సన్ లాక్కెళ్లాడు. అప్పటికి అక్కడ పెద్ద కచేరీయే నడుస్తోంది. చూసిన సాక్షి లేడు, కెమెరా లేదు, సాక్ష్యం లేనిచోట తప్పెక్కడిది అని నెల్సన్ వాదం. అన్ని జట్లూ ఏదో ఒకటి చేస్తూనే ఉంటాయి, ఒకళ్లు చేతిజోళ్లకు జిగురు రాస్తారు, ఒకళ్లు మైదానం తడుపుతారు, పట్టుబడింది మనవాళ్లు గనక మనమే పాపులమా అని ఇంకొకడు. పదిమందిలో పది మందికీ అదే న్యాయం. గోడవార ఒంటరిగా చేప తింటున్న ఎవలిన్ బొటేలో అప్పుడు ఫోర్కు కింద పెట్టింది. బడిలో ముప్పై ఏళ్లు సైన్సు చెప్పి రిటైరైన మనిషి. అక్కడున్న సగం మందిని ఏదో ఒక తరగతిలో పరీక్ష తప్పించిన ఘనత ఆమెది.

అందరూ చేస్తే తప్పు పెద్దదవుతుంది గాని చిన్నదెలా అవుతుందర్రా, అంది. తర్వాత బింగో కార్డు తిప్పి వెనకవైపు అంకెలు వేసింది. గాలి చలికి ముడుచుకుంటుంది, వేడికి ఉబ్బుతుంది. వెచ్చటి గదిలో పదమూడు పౌండ్లున్న బంతి ఆ రోజు చలిలో గంటసేపుంటే పదకొండుకు దిగుతుంది. అవతలివాళ్లవి దిగాయి చూడండి, సరిగ్గా రెండు. దానికి సూదీ అక్కర్లేదు, దొంగా అక్కర్లేదు. జనం గిల్‌కేసి చూసి గ్లాసులెత్తారు. ఆమె వాళ్లను ఆగమంది.

"మరి మనవాళ్లవి మూడు తగ్గాయి. రెండు పౌండ్లు చలి తీసుకుంది, ఒప్పుకున్నా. మూడోది ఎవరు తీసుకున్నారు?" అని గిల్ వైపు తిరిగింది. "రెఫరీ కొలవకముందు సంచి ఎక్కడ పెట్టావు గిల్బర్ట్?"

"బల్ల మీద."

"ఏ బల్ల?"

"గోడ పక్కది."

"తలుపు దగ్గరిదా?"

"కాదు. ఆ గోడ కాదు." గుమ్మడికాయల దొంగ ఎవరంటే భుజాలు తడుముకున్నట్టయింది అతని పని. పళ్లెంలో చేప అలాగే వదిలేసి, కోటు తగిలించుకుని వెళ్లిపోయాడు.

శనివారం పొద్దున్నే వెళ్లి కొత్త బంతి ఒకటి కొన్నాడు. నేలమాళిగలో కూర్చుని పదమూడు పౌండ్లు కొట్టి, బాయిలర్ మీది ఆవిరి గొట్టానికి జానెడు ఎత్తున చెక్క అడ్డం పెట్టి బంతి దాని మీద ఉంచాడు. రెఫరీల గదిలో గోడ పక్క బల్ల కింద ఉండేది కూడా ఆవిరి గొట్టమే, పందొమ్మిదేళ్ల కిందట అతను బాగుచేసిందే. గంట తర్వాత మీటరు పెడితే పధ్నాలుగు చూపించింది. లీగ్ లెక్క ప్రకారం పదమూడున్నర దాటకూడదు. సూది గుచ్చి, పదమూడుకు వచ్చేదాకా గాలి వదిలాడు. బంతి సన్నగా బుస కొట్టింది.

ఆ బుస వినగానే అతని చెయ్యి ఆగిపోయింది. చలికాలం మ్యాచ్‌లన్నిటిలోనూ అతను ఆ గదిలో నిలబడి విన్నది ఆ చప్పుడే. ఒకటి తర్వాత ఒకటి, పన్నెండు బంతులు. రెఫరీ మీటరు చూసుకుని, మీవాళ్లు ఎప్పుడూ ఎక్కువే కొడతారయ్యా గిల్, అంటూ తన చేత్తోనే గాలి వదిలి, సరిచేసి, గుర్తు పెట్టి ఇచ్చేవాడు. ఆ మూడో పౌండు గాలి తీసింది దొంగ కాదు, సాక్షాత్తూ రెఫరీ. బంతిని వరండాలో ఇంకో గంట పెట్టి తెచ్చి కొలిచాడు. పది మీద కాస్త. సరిపోయింది.

సంబరపడాల్సిన మనిషి మెట్ల మీద కూలబడ్డాడు. ఎందుకంటే ఆ బల్ల మీద బంతులు ఎంత వేడెక్కుతాయో రెఫరీకి తెలియదు, గిల్‌కు తెలుసు. మొదటి ఏడాది అది నిజంగా తెలియక చేసిందే. కోటు అక్కడ తగిలించాడు గనక సంచీ అక్కడే పెట్టాడు, తోలుకు వెచ్చన మంచిదని తండ్రి అన్నాడు గనక ఇంకా మంచిదే అనుకున్నాడు. ఆ డిసెంబరులో ఒక రోజు ఆట అయ్యాక, సంచులు మోసేవాళ్ల మొహం ఎన్నడూ చూడని ఆటగాడు, బంతి విసిరే పెద్ద ఆటగాడు, పక్కనుంచి పోతూ ఆగాడు. ఇవాళ బంతులు బాగున్నాయి, ఏం చేశావో అదే చెయ్, అన్నాడు. తానేం చేశాడో బాయిలర్లు చూసుకునేవాడికి తట్టడానికి ఎంతసేపు? ఇంటికి చేరేలోపే తట్టింది. ఆ ఆటగాడు పోయి ఇంకొకడొచ్చాడు, వాడూ పోయి మరొకడొచ్చాడు, సంచి మాత్రం చలి పడిందంటే ఆవిరి బల్ల మీదే. సెప్టెంబరులో తలుపు దగ్గరి టేబుల్ మీద. ఎవరికీ చెప్పలేదు, ఎవరూ అడగలేదు. తప్పని తనకు తాను కూడా చెప్పుకోలేదు. సూది ముట్టుకోలేదు కదా!

జట్టు తరఫు లాయరు హాథవే అనే ఆవిడ సోమవారం ఇంటికొచ్చింది. ఆవిరి బల్ల సంగతి వినగానే ఆమెకు ప్రాణం లేచొచ్చింది. జట్టు బయటపడుతుంది, రెఫరీకి అజాగ్రత్త అని ఒక మాట పడుతుంది, గిల్ కోటు గిల్‌కే ఉంటుంది. ఒక్క చిన్న ముక్క కుదరాలి.

"ఆ గదిలో సంచి పెట్టడానికి వేరే చోటు లేదు, అంతేనా మిస్టర్ రెజెండిస్?"

"తలుపు దగ్గర టేబుల్ ఉందండి."

"టేబుల్ మీద ఏదో ఉండే ఉంటుంది."

"రెఫరీ గారి కాఫీ ఉంటుంది."

"అయితే చోటు లేనట్టేగా."

ఆమె కాగితం మీద రెండు వాక్యాలు రాసిచ్చింది. చోటు లేక ఆవిరి గొట్టం మీది బల్ల మీద పెట్టాను. వేడికి గాలి మారుతుందని నాకు తెలియదు. బుధవారం విచారణలో ఆ రెండూ చదివి కూర్చుంటే చాలు. గిల్‌కు మొదటి వాక్యం కంటే రెండోది ఎక్కువ మంట పెట్టింది. ముప్పై ఎనిమిదేళ్లు ఆవిరితో కాపరం చేసిన మనిషి, వేడికి గాలి ఏమవుతుందో తెలియదని పదిమందిలో చెప్పాలట!

మంగళవారం మధ్యాహ్నం ఒడీలియా సూపులోకి కేల్ ఆకుకూర తరుగుతుంటే వంటింట్లోకి వెళ్లి, నిలబడే చెప్పాడు. గాలి వదిలింది రెఫరీ అన్నంతవరకూ వినగానే ఆమె కత్తి పడేసి చేతులు తుడుచుకుంది. ఆమె మొహం అంత వెలగడం అతను ఈమధ్య చూడలేదు. చర్చిలో పాడే ఆడవాళ్లకు ఒక్కొక్కళ్లకూ ఫోన్ చేస్తానని లేచింది. నేను చెబుతూనే ఉన్నానా, చెబుతూనే ఉన్నానా, అంటోంది. అతను ఫోన్ మీద చెయ్యి పెట్టాడు.

"ఒడీ, నాకు తెలుసు."

"ఏం తెలుసు?"

"అక్కడ పెడితే ఏమవుతుందో. తెలిసే పెట్టాను."

ఆమె స్టవ్ మీద సూపు పొంగుతుంటే మంట తగ్గించింది.

"ఎన్నాళ్ల నుంచి?"

"పద్దెనిమిదేళ్లు."

"పద్దెనిమిదేళ్లు ఆ కోటు నేనే ఇస్త్రీ చేశాను," అంది. తర్వాత, "అయితే ఊళ్లోవాళ్లందరికీ నీ సంగతి నాకంటే బాగా తెలుసన్నమాట" అంది.

ఆమె అరిచి ఉంటే అతనికి బాగుండేది. అరవలేదు. సూపు పోసి ముందు పెట్టింది, తనూ కూర్చుంది, ఇద్దరూ తినలేదు. లాయరు రాసిచ్చిన కాగితం బల్ల మీద ఉంటే తీసి చదివింది. ఇది చదువుతావా, అని అడిగింది. తెలియదన్నాడు గిల్. నిజంగానే తెలియదు. చదివితే కోటు ఉంటుంది, క్లబ్బులో కుర్చీ ఉంటుంది, చర్చిలో ఒడీలియా మాట పైన ఉంటుంది. చదవకపోతే వీటిలో ఏదీ ఉండదు, ఒక్క నిజం ఉంటుంది, అది కూడా పద్దెనిమిదేళ్లు ఆలస్యంగా. రాత్రంతా ఆమె గోడ వైపు తిరిగి పడుకుంది. అతను లేచి బాయిలర్ చూసొస్తానని రెండుసార్లు కిందికి వెళ్లాడు.

బుధవారం విచారణ ప్రావిడెన్స్‌లో ఒక హోటల్ గదిలో పెట్టారు. పొడుగు బల్ల, నీళ్ల సీసాలు, లీగ్ పంపిన ముగ్గురు. ఒడీలియా రానంటుందనుకున్నాడు గాని చర్చికి వేసుకునే నీలం కోటుతో వచ్చి వెనక వరసలో కూర్చుంది. గిల్ కాగితం తీసి మొదటి వాక్యం చదివాడు. రెండో వాక్యం దగ్గర ఆగిపోయాడు. ఆ ముగ్గురిలో నడిమివాడు, పెద్దవయసాయన, చదవండి అన్నట్టు తల ఊపాడు.

"ఇది నేను రాసింది కాదండి," అన్నాడు గిల్. "వేడికి గాలి ఏమవుతుందో నాకు తెలుసు. నేను బాయిలర్ల మనిషిని. చోటు కూడా ఉంది, కాఫీ కప్పు పక్కకు జరిపితే సరిపోయేది."

లాయరు హాథవే చేతిలోని కలం కింద పెట్టేసింది. పెద్దాయన ముందుకు వంగి, అలా చెయ్యమని ఆటగాళ్లెవరైనా చెప్పారా అని అడిగాడు. చెప్పలేదన్నాడు గిల్. చాలా ఏళ్ల కిందట ఒకాయన, బంతులు బాగున్నాయి, ఏం చేశావో అదే చెయ్ అన్నాడు, నేనేం చేశానో ఆయనకు తెలియదు, ఆయన ఆట మానేసి కూడా చాలా కాలమైంది అన్నాడు. మరి ఇన్నేళ్లు ఎందుకు చేశారని అడిగాడు పెద్దాయన. గిల్ నీళ్ల సీసా మూత తిప్పి మళ్లీ బిగించాడు.

"పందొమ్మిదేళ్లలో ఆ జట్టులో ఒక ఆటగాడు నాతో మాట్లాడింది ఆ ఒక్కసారేనండి."

అంతే విచారణ. స్టేడియం పాసు అక్కడే తీసుకున్నారు, కోటు పోస్టులో పంపమన్నారు. జట్టుకు ఏం శిక్ష వేస్తారో తర్వాత చెబుతామన్నారు. కారు దగ్గరికి వచ్చేసరికే సంగతి బయటికి పొక్కినట్టుంది, నెల్సన్ నుంచి ఫోనులో మెసేజ్ ఉంది: "ఎవడడిగాడు బావా నిన్ను? దొంగతనం చేసినప్పుడు నెత్తిన పెట్టుకున్నాం, నిజం చెప్పి మా కొంప ముంచావు." దాని కింద క్లబ్బు కుర్చీ ఫొటో. సూదీ లేదు, రిబ్బనూ లేదు. గిల్‌కు కోపం రాలేదు. చాన్నాళ్లకు ఒంట్లో అలజడి తగ్గినట్టనిపించింది. పక్కన కూర్చున్న భార్య ఏమంటుందో అన్నది తప్ప ఇంకేమీ మిగల్లేదు.

నది మీది పెద్ద వంతెన ఎక్కాక, ఎదురుగా ఊళ్లో చర్చి గోపురాలు కనిపిస్తుండగా ఒడీలియా నోరు విప్పింది.

"రేపు బేకరీలో అడుగుతారు."

"నేనక్కడ చెప్పిందే చెప్పు."

"అది పేపర్లో వస్తుంది, నేను చెప్పేదేముంది. నీకు తెలుసా అని అడుగుతారు నన్ను."

"తెలియదని చెప్పు. అదేగా నిజం."

"తెలుసని చెబుతాను," అంది ఒడీలియా. "మొదటినుంచీ తెలుసని."

గిల్ ఆమె వైపు తిరిగాడు. ఆమె నోటి నుంచి ఒక్క అబద్ధం అతను వినలేదు ముప్పై ఏడేళ్లలో. వద్దు ఒడీ, నీ తప్పేం లేదు, నా కోసం నువ్వెందుకు, అని ఏదో అనబోయాడు.

"నీ కోసం కాదు. దొంగ పెళ్లాం అంటే పడతాను. ఇన్నేళ్లు పక్కనే ఉండి మొగుణ్ణి ఎరగని పిచ్చిది అంటే మాత్రం పడలేను." తర్వాత, "రోడ్డు చూసి నడుపు" అంది.

అతను రోడ్డు చూశాడు. మళ్లీ ఏదైనా అందామంటే, అబద్ధమాడడం తప్పని ఆమెకు చెప్పే నోరు తనకు లేదని తెలిసింది. వంతెన దిగాక ఎర్రదీపం దగ్గర కారు ఆపాడు, పచ్చదీపం వెలిగినా వెనకవాడు హారన్ కొట్టేదాకా కదల్లేదు.